నాలుగు ప్రశ్నార్థకాలు

మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసేవాళ్ళ మూతులు చూడాలంటే భోజనాల వేళ దాకా ఆగాలి. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు హమాలీల దగ్గర్నుంచి ఓనరు దాకా అందరూ ముక్కూ మూతీ కలిపి తువాలు బిగించుకుంటారు. కట్టుకోకపోతే ఆ ఘాటుకి ఊపిరాడదు. కళ్ళు మాత్రం బయటుంటాయి, అవీ ఎర్రగానే ఉంటాయి.

ఈ తువాళ్ళతో అక్కడ ఇంకెవరికీ లేని ఇబ్బంది జ్యోతిర్మయికి ఉంది. ఎనిమిదో ఏట మెదడువాపు జ్వరం వచ్చి ఆమె చెవులు రెండూ పోయాయి. నోటి మాట మిగిలింది, కాస్త గరగరగా వస్తుంది, అంతే. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకోవడం అప్పట్నుంచే నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే, బస్సులో మూడు సీట్ల అవతల కూర్చున్నవాళ్ళ ఇంటి తగాదాలు కూడా ఆమెకి తెలిసిపోతాయి. అలాంటి మనిషి పోయి పోయి మూతులు కట్టుకునే చోట ఉద్యోగంలో చేరింది. ఎందుకు చేరావమ్మా అని అడిగితే, ఉద్యోగం ఇచ్చింది వాళ్ళొక్కళ్ళేనండి అంటుంది.

గుంటూరు శివార్లలో నాగరాజు గారి కోల్డ్ స్టోరేజీ అది. ఛాంబర్ల గోడలు ఎంత మందమంటే ఆఫీసులో అడుగుపెడితే సెల్‌ఫోన్ సిగ్నల్ చచ్చిపోతుంది. అందుకని కేబులు లాగి నాలుగు కంప్యూటర్లు పెట్టారు. గేటు దగ్గరొకటి, ఛాంబర్ల ముందొకటి, మేడ మీద నాగరాజు గారి గదిలో ఒకటి, ఆఫీసులో జ్యోతిర్మయి ముందొకటి. నాలుగింటిలోనూ ఒక చాట్ అప్లికేషన్ ఉంది. బండి రాగానే గేటు దగ్గర కోటిలింగం రైతు పేరు, ఎన్ని టిక్కీలు ఉన్నాయో టైపు చేస్తాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. ఏ ఛాంబర్లో ఏ అంతస్తులో చోటుందో చూసుకుని జ్యోతిర్మయి జవాబిస్తుంది. లోపల గౌస్ బాషా దగ్గరుండి దింపించి, దింపామని రాస్తాడు. ఇంటర్‌కం ఫోన్లు కూడా ఉన్నాయిగానీ వాటి మీద ఆరేళ్ళ దుమ్ముంది.

జ్యోతిర్మయి చేరి కూడా ఆరేళ్ళే. ఇంట్లో అన్నం దగ్గర ఒక మాట రెండుసార్లు అడిగితే వదిన విసుక్కుంటుంది. బజారుకెళ్తే జనం ఆమెతో మాట్లాడటం మానేసి పక్కనున్నవాళ్ళతో మాట్లాడతారు. ఇక్కడ అట్లా కాదు. మాట తెర మీదకి అక్షరాలై వస్తుంది, ఈమె మాట అక్షరాలై పోతుంది. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆమె చెవిటిది కాదు. ఆరేళ్ళలో ఒక్క టిక్కీ కూడా తప్పు చోటికి పోలేదు.

అలాంటిది మార్చి నెలలో, బండ్లు గేటు బయట బారులు తీరే రోజుల్లో, గురువారం పొద్దున ఆ చాట్ తెరుచుకోలేదు. పాత వెర్షన్ ఇక పనిచేయదు, అప్‌డేట్ చేసుకోండి అని అడిగింది. సరేనని నొక్కింది. అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో చూపించే గీత సగం దాకా నిండి ఆగిపోయి, అప్‌డేట్ విఫలమైందని చెప్పింది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అంతే. కంప్యూటర్ ఆపి వేసింది. అప్లికేషన్ మొత్తం తీసేసి కొత్తగా పెట్టబోయింది. అదే గీత, అదే సగం. విచిత్రం ఏమిటంటే మిగతా మూడు కంప్యూటర్లూ హాయిగా అప్‌డేట్ అయి కూర్చున్నాయి.

మధ్యాహ్నానికి గుంటూరు నుంచి మెకానిక్ వచ్చాడు. యాంటీవైరస్ ఆపాడు, డిస్కులో చోటు చేశాడు, కేబులు మార్చాడు. సాయంత్రం దాకా కుస్తీ పట్టి, కంప్యూటర్ పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి అని చెప్పి రెండు టీలు తాగి వెళ్ళాడు.

శుక్రవారం జ్యోతిర్మయి కాళ్ళకి పని చెప్పింది. గేటుకి నడిచి బండి వివరాలు రాసుకుని, ఛాంబర్ దగ్గరికి నడిచి చీటీ ఇచ్చి, మళ్ళీ గేటుకి. మార్చి ఎండలో అట్లా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. అంత తిరిగినా తప్పు జరగనే జరిగింది. పన్నెండింటప్పుడు, ఎక్కడ చోటుందో లెక్క అందక ఎటు పంపాలని అడిగితే గౌస్ బాషా చేతులు ఖాళీ లేక దూరం నుంచే మూడు వేళ్ళు చూపించాడు. మూతికి తువాలుంది. ఆమె మూడో అంతస్తు అనుకుంది. ఆయన చెప్పింది మూడో ఛాంబరు. చెంచయ్య అనే రైతు తేజ రకం మిర్చి అరవై టిక్కీలు వేరే రైతు సరుకు మధ్యలోకి వెళ్ళి పడ్డాయి. వాటిని బయటికి లాగేసరికి రెండు గంటలు పట్టింది. చెంచయ్య ఆఫీసు గుమ్మంలో నిలబడి తిట్టిపోశాడు. ఆయన మూతికి తువాలు లేదు కాబట్టి తిట్లన్నీ ఆమెకి శుభ్రంగా అర్థమయ్యాయి.

సాయంత్రం నాగరాజు గారు కిందికి దిగి వచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు. తువాలు గడ్డం కిందికి లాక్కుని, ఆమెకి అర్థమయ్యేలా నిదానంగా చెప్పారు.

"చూడమ్మా, సీజన్లో ఇట్లా అయితే కుదరదు. అద్దంకి నుంచి చైతన్యకృష్ణ అని ఒకబ్బాయి సోమవారం వస్తాడు. ఇంటర్‌కంలో మాట్లాడుకుంటాడు. నీకు ఈ నెల జీతం పూర్తిగా ఇచ్చేస్తాన్లే."

"సోమవారం లోపు ఇది బాగైతేనండి?"

"మెకానికే చేతులెత్తేశాడు గదమ్మా."

"బాగైతేనండి?"

నాగరాజు గారు ఆమె మొహం చూడలేక కంప్యూటర్ కేసి చూసి, మళ్ళీ ఆమె వైపు తిరిగారు. "బాగైతే అప్పుడు చూద్దాం. రేపు నాలుగింటికి నేను చీరాల పెళ్ళికి పోవాలి. పోయేముందు ఆ అబ్బాయికి ఫోన్ చేసి ఖాయం చేస్తాను."

ఆ రాత్రి ఆమె ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే వదిన అయ్యో పాపం అంటుంది. ఆ పాపం అనే మాట పెదాల మీద ఎట్లా ఉంటుందో జ్యోతిర్మయికి బాగా తెలుసు, దాన్ని చూడటం ఆమెకి అసహ్యం.

శనివారం పన్నెండున్నరకి అందరూ అన్నాలకి లేచారు. ఆమె క్యారేజీ తెరవలేదు. అప్‌డేట్ విఫలమైన ప్రతిసారీ కంప్యూటర్ ఒక చిట్టా రాసి పెట్టుకుంటుందని ఆమెకి తెలుసు. ఏ నిమిషంలో ఏం చేసిందీ, ఎక్కడ ఆగిందీ అన్నీ అందులో ఉంటాయి. మెకానిక్ దాన్ని తెరిచి, పొడుగు చూసి భయపడి మూసేశాడు. దాదాపు తొమ్మిది వందల వరసలు, అంతా ఇంగ్లీషు, సగం అంకెలు. జ్యోతిర్మయి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. ఎదుటివాళ్ళ పెదాల మీద సగం మాట చూసి మిగతా సగం పూరించుకుంటూ బతికిన మనిషికి తొమ్మిది వందల వరసలు ఒక లెక్క కాదు.

ఆరు వందల చిల్లర వరస దగ్గర ఆగింది. కొత్త ఫైళ్ళని ఫలానా చోట పెట్టబోతున్నాను అని కంప్యూటర్ అక్కడ రాసుకుంది. సి డ్రైవ్, దాని లోపల యూజర్స్, దాని లోపల యూజర్ పేరు ఉండాలి. పేరు లేదు. నాలుగు ప్రశ్నార్థకాలు ఉన్నాయి. ఆ కింది వరసలోనే, అలాంటి ఫోల్డర్ లేదు అని ఎర్ర అక్షరాల్లో ఉంది. అక్కణ్ణుంచి కింది దాకా అదే పాట.

ఆ కంప్యూటర్ యూజర్ పేరేమిటో ఆమెకి గుర్తు చేసుకోవాల్సిన పని లేదు. రోజూ పొద్దున స్విచ్ వేయగానే తెర మధ్యలో కనపడేది అదే. తెలుగులో ఒకే ఒక్క అక్షరం, శ్రీ.

ఆ పేరు వెనక కథంతా ఆఫీసులో పెద్ద గుమాస్తా పిచ్చయ్య గారిది. డెబ్బై ఏళ్ళ మనిషి. కొత్త పుస్తకం ఏది తెరిచినా పై భాగాన మధ్యలో శ్రీ రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టందే ఒక్క పేరు కూడా ఎక్కించడు. ఆరేళ్ళ కిందట ఈ కంప్యూటర్ వచ్చిన రోజు, దాన్ని బిగించిన కుర్రాడు ఏం పేరు పెట్టమంటారని అడిగితే, "పేరు సంగతి తర్వాతయ్యా, ముందు శ్రీ రాయి" అని గద్దించాడట. ఆ కుర్రాడు భయపడి తెలుగు అక్షరాలు తెచ్చి మరీ రాశాడు. మిగతా మూడు కంప్యూటర్లూ తర్వాత వచ్చాయి. అప్పటికి పిచ్చయ్య గారు కంటి ఆపరేషన్ చేయించుకుని సెలవులో ఉన్నాడు, అవి అట్లా బతికిపోయాయి.

పాత వెర్షన్ అందరికీ ఉమ్మడిగా ఉండే ఫోల్డర్లో కాపురముండేది కాబట్టి దానికి ఈ పేరుతో పని పడలేదు. కొత్తది యూజర్ పేరున్న ఫోల్డర్లోకి దూరాలని చూస్తోంది. దాన్ని తయారుచేసినవాళ్ళకి తెలుగు రాదు, దానికీ రాదు. కంప్యూటర్ లెక్కలో శ, పొల్లు, ర, గుడిదీర్ఘం అని నాలుగు ముక్కలు కలిసిన ఆ అక్షరాన్ని నాలుగు ప్రశ్నార్థకాలు చేసి తెల్లమొహం వేసింది. విషయం అంతే! ఇందుకోసం నన్ను ఇంటికి పంపుతారా అని జ్యోతిర్మయికి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే కాస్త సంతోషం కూడా ఉంది.

మందు సులువే. ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో యూజర్ ఖాతా తెరిచి, అందులో చాట్ పెట్టాలి. రిజిస్టర్ ఫైళ్ళు డి డ్రైవ్‌లో ఉన్నాయి, వాటికేం కాదు. కానీ కొత్త ఖాతా తెరవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది పిచ్చయ్య గారి జేబులో, చిన్న నోటు పుస్తకంలో ఉంది.

ఆయన చేయి కడుక్కుని వచ్చేదాకా ఆగి, మళ్ళీ తువాలు బిగించుకోకముందే విషయం చెప్పింది. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి.

"ఏంటీ, శ్రీ రాసినందుకు చెడిందంటావా? యాభై ఏళ్ళ నుంచి రాస్తున్నానమ్మాయ్, ఏ పుస్తకమూ చెడలా. ఎంత మాటన్నావు!"

ఎంత గట్టిగా అరిచాడో ఆమెకి వినపడలేదు గానీ, బయట అరుగు మీద పడుకున్న హమాలీలు లేచి కూర్చోవడం కిటికీలోంచి కనపడింది.

"చెడింది శ్రీ వల్ల కాదు తాతగారూ. వాళ్ళకి మన అక్షరం చదవడం రాదు, అదీ తప్పు," అంది. "శ్రీని నేను తీసేయను. అది అట్లాగే ఉంటుంది. పక్కన ఇంకో ఖాతా తెరుస్తాను."

పిచ్చయ్య గారు కంప్యూటర్ దగ్గరికి వచ్చాడు. చిట్టాలో ఆ వరస చూపించమన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఆనించి, నాలుగు ప్రశ్నార్థకాలనీ ఒకటీ రెండూ అని లెక్కపెట్టాడు. ఆయన కోపం పోయి మొహం చిన్నబోయింది. నావల్లే ఈ పిల్ల పొట్ట మీద దెబ్బపడబోయిందన్నమాట అనుకున్నాడేమో, నోటు పుస్తకం జేబులోంచి తీశాడు. తీసినవాడు గోడ గడియారం చూసి మళ్ళీ లోపల పెట్టేశాడు.

"ఇప్పుడు ఒకటిన్నర దాటింది. శనివారం మూడు దాకా యమగండం. కొత్త ఖాతా ఇప్పుడు తెరవకూడదు."

"నాలుగింటికి నాగరాజు గారు పెళ్ళికి వెళ్ళిపోతారండీ!"

"మూడు దాటాక గంట ఉంటుంది. చాల్దా?"

ఆయనతో వాదించి నెగ్గినవాళ్ళు ఆ స్టోరేజీలో లేరు. గంటన్నర. జ్యోతిర్మయి క్యారేజీ తెరిచి అన్నం తింది, చల్లారిపోయి రుచీ పచీ లేదు. గేటుకి రెండుసార్లు వెళ్ళి వచ్చింది. మూడవగానే పిచ్చయ్య గారు తువాలు గడ్డం కిందికి దించి, తనే కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. పాస్‌వర్డ్ ఒక్కొక్క అక్షరం చూపించాడు. కొత్త ఖాతాకి పేరు అడిగింది కంప్యూటర్.

"ఏం పెట్టమంటారు?"

"గుమాస్తా అని పెట్టు, ఇంగ్లీషులోనే," అన్నాడాయన. "నువ్వు చేసేది ఆ పనే గదా."

ఆరేళ్ళలో ఆమెని ఆపరేటరన్నారు, ఆ అమ్మాయన్నారు. గుమాస్తా అనడం ఇదే మొదలు. ఆ మాట ఆయన పెదాల మీద ఇంకోసారి చూడాలనిపించింది గానీ అడగలేదు, టైపు చేసింది.

కొత్త ఖాతాలో చాట్ పెట్టింది. గీత కదిలింది. సగం దాకా వచ్చి, అలవాటైన చోట ఆగినట్టే ఆగింది. పిచ్చయ్య గారు ఏదో శ్లోకం అందుకున్నాడు. గీత మళ్ళీ కదిలి చివరిదాకా వెళ్ళి, పచ్చగా టిక్కు పడింది. తన పేరుతో లోపలికి వెళ్ళగానే, మూడు రోజులుగా ఆమె కోసం ఆగి ఉన్న మాటలన్నీ బిలబిలమంటూ దిగాయి. రెండు వందలకి పైనే ఉన్నాయి. నలుగురికీ కలిపి ఒకే గ్రూపు కాబట్టి, ఆమె లేనప్పుడు వాళ్ళు అనుకున్నవి కూడా అందులోనే ఉన్నాయి. ఆమె మళ్ళీ లోపలికి వస్తుందని ఎవరు అనుకున్నారు గనక?

గురువారం గౌస్ బాషా రాసింది మొదట ఉంది. "చెల్లెమ్మా, రెండో ఛాంబర్ పై అంతస్తు నిండింది." ఆ కిందనే, "నీకు కనపడదు గదా, అలవాటు కొద్దీ పెట్టా." జ్యోతిర్మయి నవ్వుకుంది.

చదువుతూ చదువుతూ శుక్రవారం సాయంత్రం మాటల దగ్గరికి వచ్చింది. "సోమవారం కొత్తబ్బాయి వస్తాడు. అమ్మాయికి చెప్పేశాను," అని నాగరాజు గారు.

"మంచి పని చేశారండి," అని కోటిలింగం. "ఒక్క మాట నోటితో చెబితే అయిపోయేదానికి ఆరేళ్ళు టైపు చేసి చేసి నా వేళ్ళు అరిగిపోయాయి."

"ఇవాళ తప్పు చెల్లెమ్మది కాదు సార్. నేనే సరిగా చూపించలా," అని గౌస్ బాషా.

"తప్పెవరిదైనా సరుకు తప్పు చోటికి పోయింది గదా బాషా," అని నాగరాజు గారు.

"పాపం మంచి పిల్లే," అని మళ్ళీ కోటిలింగం. "కాకపోతే మనకి వినపడే మనిషి కావాలి."

ఆమె ఆ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయింది. కోటిలింగానికి టైపింగ్ నేర్పింది తనే. నెల రోజులు, మధ్యాహ్నాలు గేటు గదిలో కూర్చుని, ఒక్కొక్క మీటా చూపించి నేర్పింది. వాళ్ళమ్మాయి శ్రీరమ్య కాలేజీ దరఖాస్తులు నింపి పెట్టింది కూడా తనే. బాబాయ్ అని పిలిచేది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిర్చి ఘాటు అనుకుంటాడులే అని పిచ్చయ్య గారి ముందు తుడుచుకోకుండా ఊరుకుంది. ఆయన అట్లా అనుకోలేదు. తెర మీది మాటలు ఆయనా చదివాడు. తలెత్తకుండా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

మూడుంబావు అయింది. జ్యోతిర్మయి గ్రూపులో రాసింది.

"అందరికీ నమస్కారమండి. నా కంప్యూటర్ బాగైంది. మూడు రోజుల మాటలన్నీ ఇప్పుడే చదివాను."

 కోటిలింగం టైపు చేస్తున్నాడని చుక్కలు కనపడ్డాయి, పోయాయి. మళ్ళీ కనపడ్డాయి, మళ్ళీ పోయాయి. ఆ తర్వాత శుక్రవారం నాటి అతని మాటలు ఒక్కొక్కటే మాయమవడం మొదలైంది. ఉన్న చోటల్లా ఈ సందేశం తొలగించబడింది, ఈ సందేశం తొలగించబడింది అని వచ్చింది. దొంగతనం చేసినవాడు వెనక్కొచ్చి చీపురుతో ఊడుస్తున్నట్టుంది వ్యవహారం.

మేడ మీద నుంచి నాగరాజు గారు రాశారు. "ఎట్లా బాగుచేశావమ్మా?"

"చదివానండి," అని రాసింది.

 కాసేపటికి ఆయన దగ్గర్నుంచి, "సరే. అద్దంకి అబ్బాయిని రావద్దని చెప్పేస్తాలే," అని వచ్చింది.

ఇదే మాట కోసం నిన్నటి నుంచీ ఆమె ఎదురుచూస్తూ ఉంది. తీరా వచ్చాక చూస్తే, ఆ మాటలో ఏదో తక్కువైంది. దయ తలిచి ఉంచుకున్నట్టుంది. రేపు కేబులు తెగితే మళ్ళీ ఇదే కథ, మళ్ళీ ఎవడో ఒక చైతన్యకృష్ణ. ఆమెకి భయం పోయి కోపం వచ్చింది, కోపం పోయి నిబ్బరం వచ్చింది. వేళ్ళు మీటల మీద పెట్టి నిదానంగా రాసింది.

"రానివ్వండి సార్. గేటు దగ్గర టైపు చేసి చేసి కోటిలింగం బాబాయ్ వేళ్ళు అరిగిపోయాయట, అక్కడ సాయానికి కూర్చోబెట్టండి. ఈ కుర్చీ మాత్రం నాది. చాట్ మళ్ళీ ఆగితే నేనే బాగుచేసుకుంటాను. బాగయ్యేదాకా ఎవరికి వాళ్ళు వచ్చి నా ఎదురుగా నిలబడి చెప్పాలి, లేదా కాగితం మీద రాసివ్వాలి. ఆరేళ్ళుగా నేను మీ అందరి కోసం చేస్తున్నదే, మీరు రెండు రోజులు చేయలేకపోయారు."

పంపే ముందు ఆఖరి వాక్యం తీసేద్దామా అని ఒక క్షణం అనిపించింది. పిచ్చయ్య గారు పక్కనుంచి చదివి, "ఉండనీ" అన్నాడు. పంపించింది.

గౌస్ బాషా దగ్గర్నుంచి వెంటనే వచ్చింది. "నిజమే చెల్లెమ్మా."

నాగరాజు గారికి అయిదు నిమిషాలు పట్టింది. అయిదు నిమిషాల తర్వాత మూడే మాటలు. "నిజమేనమ్మా. అట్లాగే చేద్దాం."

 మూడున్నర దాటాక గేటు నుంచి చుక్కలు వచ్చాయి, ఈసారి పోలేదు.

"అమ్మాయ్, మార్టూరు వైపు నుంచి బండొచ్చింది. తొంభై టిక్కీలు. ఎటు పంపమంటావు?"

మూడో ఛాంబరు కింది అంతస్తు ఖాళీగా ఉందని ఆమెకి చూడకుండానే తెలుసు. అయినా చేతులు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది. ముల్లు తీరిగ్గా ఒక చుట్టు తిరిగింది. ఆ నిమిషం అంతా బండీ, డ్రైవరూ, వాళ్ళ వెనక బారులు తీరిన బండ్లూ, తెర కేసి చూస్తూ కోటిలింగమూ ఆమె మాట కోసం ఆగి ఉన్నారు. అప్పుడు రాసింది.

"మూడో ఛాంబర్, కింది అంతస్తు. లోపలికి పంపించు బాబాయ్."